మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ - వాహనాలు, రవాణా

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (ఏప్రిల్ 6, 1886 - ఫిబ్రవరి 24, 1967) హైదరాబాదు సంస్థానమును పాలించిన అసఫ్ జాహీ వంశీయులలో ఏడవవాడు, చివరివాడు. 1911 నుండి 1948 వరకు పాలించాడు. తన కాలములో ప్రపంచములోకెల్లా ధనవంతుడుగా పేరుపొందాడు. 1937 ఫిబ్రవరి 22 నాటి టైమ్ పత్రిక ఈయన చిత్రాన్ని ముఖచిత్రముగా ప్రచురించింది. ఈయన సంపదకు, పిసినారితనానికి సంబంధించి ఎన్ని కథలున్నాయో ఈయన కార్లకు సంబంధించి కూడా అన్ని కథలున్నాయి. వాటిలో కొన్ని నిజాలు, కొన్ని కల్పనలు. ఈ వ్యాసం నిజాం జీవితాన్ని ముఖ్యముగా ఆయన వాహనాలు, ఆయన కాలపు రవాణా ఏర్పాట్ల వైపు నుండి వివరిస్తుంది.

బాల్యము, పట్టాభిషేకము

ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్, తల్లి అమతుజ్ జహ్రున్నీసా బేగం. ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు భాషలు ఇంటివద్దనే నేర్చుకున్నాడు. 1906లో దుల్హన్ పాషా బేగంతో వివాహం జరిగింది.

తండ్రి, కొడుకు స్వభావములో పూర్తిగా భిన్నులు. మహబూబ్ అలీ ఖాన్ విలాస పురుషుడు. ఆయన దుస్తుల కోసం పురానీ హవేలీలో రెండు అంతస్తులుగా బీరువాలు కట్టించారు. పై అంతస్తుకు వెళ్ళడానికి చేతితో తిప్పే చెక్క లిఫ్టు ఉండేది. దానిని నేటికీ అక్కడి ప్రదర్శనశాలలో చూడవచ్చు. కుమారుడు మాత్రం మాసిన షేర్వాణీ, పాత టోపీ, అరిగిన చెప్పులతో కాలం గడిపిన మనిషి.

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో మరణించాడు. ఇరవై అయిదేళ్ళ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. అదే సంవత్సరం డిసెంబరు 12న ఐదవ జార్జి చక్రవర్తి కోసం జరిగిన ఢిల్లీ దర్బారులో దేశీయ సంస్థానాధీశులందరిలో మొదట వందనము సమర్పించినది ఈయనే. రాజైన తరువాత కూడా వంశాచారముగా వచ్చిన చౌమహల్లా భవనానికి మారక, కింగ్ కోఠీలోనే నివసించాడు. ఈ భవనము మొదట కమాల్ ఖాన్ అనే ప్రభువుది. గోడలపైన, తలుపులపైన చెక్కిన ఆయన పేరు పొడి అక్షరాలకు తగినట్లుగా దానికి కింగ్ కోఠీ అని పేరు పెట్టారని చెబుతారు.

సింహాసనపు కారు

నిజాం వాహనాలన్నిటిలో ప్రసిద్ధమైనది పసుపురంగు రోల్స్ రాయిస్. దీనిని కొనడానికి ఉత్తరువు ఇచ్చినవాడు ఉస్మాన్ అలీ ఖాన్ కాదు, ఆయన తండ్రి. కారు తయారై రాకముందే మహబూబ్ అలీ ఖాన్ మరణించడం వల్ల అది కుమారుని పాలయినది.

ఇది 1912 నాటి 40/50 అశ్వశక్తి నమూనా. తరువాతి కాలములో ఈ నమూనా అంతటికీ సిల్వర్ ఘోస్ట్ అన్న పేరు స్థిరపడింది. 1906 నుండి 1926 వరకు తయారయిన ఈ కార్లలో ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. 1910 తరువాతి కార్లలో దాని పరిమాణము 7,428 ఘన సెంటీమీటర్లు. ఆ రోజులలో రోల్స్ రాయిస్ సంస్థ ఇంజను, చట్రము (ఛాసిస్) మాత్రమే తయారుచేసేది. పైభాగమును (బాడీ) కొనుగోలుదారు తనకు నచ్చిన మరొక సంస్థచేత కట్టించుకోవాలి. అటువంటి సంస్థలు చాలావరకు అంతకుముందు గుర్రపు బగ్గీలు తయారుచేసినవే. నిజాం కారుకు పైభాగాన్ని కట్టిన లండనులోని బార్కర్ సంస్థ 1710లో ప్రారంభమైన బగ్గీల కర్మాగారము. అందుకే ఈ కారు చూడడానికి మోటారు వాహనము కంటే రాజుల సారట్టు బండి వలె కనిపిస్తుంది. వెనుక భాగమున సింహాసనము వంటి ఎత్తైన ఆసనము, దాని మీద గుమ్మటము వంటి కప్పు, లోపల జరీ పట్టు ఉన్నవి. పరిచారకులు కూర్చొనడానికి వేరే పీటలు అమర్చారు. పసుపు అసఫ్ జాహీల పతాకపు రంగు. ఏనుగు మీద అంబారీ చేసే పనిని ఇక్కడ మోటారు చేత చేయించారని అనుకుంటే ఈ విచిత్రమైన నిర్మాణము అర్థమవుతుంది: లోపల కూర్చున్నవాడు ప్రయాణము చేయడం కంటే ప్రజలకు కనిపించడం ముఖ్యము.

ఈ కారును ఉత్సవాలకు మాత్రమే బయటికి తీసేవారు. ఆ కారణమున దశాబ్దాల పాటు నిజాం వద్ద ఉండి కూడా అది తిరిగినది కొన్ని వందల మైళ్ళే.

ప్రచారములో ఉన్న కథలు

లారీ కాలిన్స్, డొమినిక్ లాపియెర్ వ్రాసిన ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్ (1975) అనే గ్రంథము నిజాం కార్ల కథలను ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. రాజధానిలో ఎవరిదైనా మంచి కారు కంటబడితే, దానిని కానుకగా స్వీకరించడానికి ప్రభువులవారికి అభ్యంతరము లేదని యజమానికి కబురు వెళ్ళేదని, ఆ విధముగా చేరిన వందల కార్లు వాడకము లేకుండా పడి ఉండేవని ఆ రచయితలు వ్రాశారు. సంస్థానములో నజరానా ఆచారము ఎంత బలముగా ఉండేదో తెలిసినవారికి ఇది నమ్మదగనిదిగా తోచదు. కాని వందలు అన్న సంఖ్యను జాగ్రత్తగా చూడాలి. నిజాం మరణించిన తరువాత లెక్కకు వచ్చిన కార్లు 60 మాత్రమే.

కింగ్ కోఠీ ఆవరణలో బంగారు కడ్డీలు నింపిన లారీలు ఆ బరువుకు ఇరుసుల దాకా నేలలో కూరుకుపోయి నిలిచి ఉండేవన్నది అదే గ్రంథములోని మరొక కథ. ఇటువంటి కథలకు బంధువే, 1965లో నిజాం దేశ రక్షణ నిధికి 5,000 కిలోల బంగారము దానము చేశాడన్న ప్రచారము. అప్పుడు ఆయన జాతీయ రక్షణ బంగారు పథకములో పెట్టినది 425 కిలోలు. అది దానము కాదు, ఆరున్నర శాతము వడ్డీ వచ్చే పెట్టుబడి.

నిజాం రోల్స్ రాయిస్ కార్లతో ఊరి చెత్త ఎత్తించాడన్న కథ అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. లండను దుకాణములో అవమానము జరగడము, కోపముతో కార్లు కొని చెత్తబండ్లుగా మార్చడము, సంస్థ వారు వచ్చి క్షమాపణ వేడుకొనడము - కథ ఎప్పుడూ ఇదే. దీనినే ఆల్వార్ రాజుకు, భరత్‌పూర్ రాజుకు, పటియాలా రాజుకు కూడా చెబుతారు. నలుగురు రాజులకు ఒకే అవమానము జరిగి ఉండదు. పైగా ఉస్మాన్ అలీ ఖాన్ లండను వీధులలో తిరిగి కార్లు కొన్న మనిషి కాదు. ముందు చక్రాల వద్ద చీపుర్లు కట్టిన పాత కారు ఫొటోను దీనికి సాక్ష్యముగా చూపుతారు. టైర్లకు రాళ్ళు, మేకులు తగలకుండా పక్కకు ఊడ్వడానికి అలా కట్టేవారని వివరణ ఉన్నది. విద్యార్థులు ఈ కథను చరిత్రగా తీసుకొనరాదు.

రైలు, బస్సు

సంస్థానములోని రైలు మార్గాలు చాలాకాలము నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే లండను కంపెనీ చేతిలో ఉండేవి. కంపెనీకి కనీస లాభాన్ని సంస్థానపు ఖజానా హామీగా చెల్లించేది. అందుకే ఆ పేరు. 1930లో ప్రభుత్వము దానిని కొని నిజాం స్టేట్ రైల్వేగా మార్చింది. ఈ కొనుగోలును నడిపినవాడు ఆర్థిక వ్యవహారాలు చూసిన అక్బర్ హైదరీ. నిజాం పేరున చెలామణి అయ్యే అనేక మంచి పనుల వెనుక హైదరీ వంటి అధికారుల శ్రమ ఉన్నదన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది.

రైల్వే ప్రభుత్వపరము అయిన రెండేళ్ళకు, 1932 జూన్‌లో, దానికి అనుబంధముగా రోడ్డు రవాణా శాఖ మొదలయినది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండులోని ఆల్బియాన్ సంస్థ నుండి బస్సులు తెప్పించారు. రైలు మార్గమునకు పోటీగా ప్రైవేటు బస్సులు నడిచి రెండూ నష్టపోవడం కంటే, రైలు చేరని ఊళ్ళకు అదే యాజమాన్యము బస్సు నడపడము మేలన్నది దీనిలోని ఆలోచన. దేశములో ప్రభుత్వము స్వయముగా బస్సులు నడిపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

బస్సుల నంబరు పలకలపై కనిపించే జెడ్ అక్షరము నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమని, ఆమె జ్ఞాపకార్థము నిజాం కోరిక మీద చేర్చారని ప్రసిద్ధి. నిజాముకు తల్లి మీద ఉన్న భక్తి అందరూ ఎరిగినదే. దారుల్ షిఫాలోని అజాఖానా-ఎ-జహ్రా కూడా ఆమె పేరున కట్టించినదే. అమీర్‌పేట, పంజగుట్ట కూడళ్ళలో నిలబడి వచ్చే పోయే ఆర్టీసీ బస్సుల నంబర్లు చూస్తే ఆ అక్షరము నేటికీ కనిపిస్తుంది.

బస్సు తయారీ కూడా కొంతవరకు నగరానికి వచ్చింది. 1942లో అమీర్‌పేటకు పడమరగా సనత్‌నగర్ వైపున ఆల్విన్ మెటల్ వర్క్స్ మొదలయినది. ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి దీనిని స్థాపించాయి. బయటి నుండి వచ్చిన చట్రాల మీద ఇక్కడ బస్సుల పైభాగాలు కట్టేవారు. ముప్పై ఏళ్ళ క్రితము బార్కర్ సంస్థ నిజాం కారుకు చేసిన పని ఇదే. అక్కడ ఒక్కడి కోసము, ఇక్కడ టికెట్టు కొన్న వారందరి కోసము. ఆల్విన్ పేరు తరువాతి తరాలకు రిఫ్రిజిరేటర్లు, గడియారాలు, పుష్పక్ స్కూటర్ల ద్వారా పరిచయము.

నిజాం కాలములోనే ప్రవేశించిన రెండంతస్తుల బస్సులు హైదరాబాదు, సికిందరాబాదు వీధులలో ఇరవై ఒకటవ శతాబ్దపు మొదటి దశాబ్దము దాకా తిరిగాయి. పై అంతస్తు ముందు సీటు కోసము పిల్లలు పోట్లాడుకున్న జ్ఞాపకము నగరములో పెరిగిన చాలామందికి ఉన్నది. 2023లో విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు కొన్నిటిని మళ్ళీ ప్రవేశపెట్టారు.

యుద్ధ విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధములో నిజాం బ్రిటిషు వారికి పెద్ద మొత్తాలు ఇచ్చాడు. ఆయన ధనముతో సమకూరిన డి.హెచ్.9ఎ విమానాలతో 110వ దళము 1918లో యుద్ధానికి వెళ్ళింది. ఆ దళానికి హైదరాబాదు పేరు చేరింది. రెండవ ప్రపంచ యుద్ధములో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన 152వ దళానికీ అదే పేరు. ఆస్ట్రేలియా నౌకాదళములోని ఒక డిస్ట్రాయరు నౌకకు నిజాం అని పేరు పెట్టారు. 1918లో లభించిన ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న బిరుదు మరే సంస్థానాధీశునికీ దక్కలేదు.

పల్లెలలో ప్రయాణము

రాజధానిలో రోల్స్ రాయిస్‌లు, సిమెంటు రోడ్లు ఉన్న కాలములోనే తెలంగాణ గ్రామాలలో వెట్టి సాగింది. దేశముఖులు, అధికారులు ఊరికి వస్తే వారి మేనాలను బోయీలు భుజాన మోయాలి. దొరలు కచ్చడపు బండ్లలో వెళుతుంటే దారి చూపడానికి, కావలికి, వెట్టివాళ్ళు బండికి ముందు, వెనుక పరుగెత్తాలి. రైతులు తమ బండ్లను, ఎడ్లను కూలి లేకుండా అప్పగించాలి. పుచ్చలపల్లి సుందరయ్య తన వీర తెలంగాణ విప్లవ పోరాటం గ్రంథములో ఈ వెట్టి రకాలను వివరముగా నమోదు చేశాడు. నిజాం ఉస్మానియా విశ్వవిద్యాలయము (1918), ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వంటి నిర్మాణాలకు కారకుడన్నది ఎంత నిజమో, ఆయన పాలనలో గ్రామీణుడు దొర బండి ముందు పరుగెత్తాడన్నది అంతే నిజము. 1940వ దశకములో సాయుధ రైతాంగ పోరాటము ఈ పరిస్థితులలో నుండే పుట్టింది. రజాకార్ల అత్యాచారాలను అరికట్టకపోవడము నిజాం పాలనకు మాయని మచ్చ.

బేగంపేట విమానాశ్రయములో

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించింది. నాలుగు రోజుల తరువాత నిజాం లొంగిపోయాడు. 1949 ఫిబ్రవరిలో సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ హైదరాబాదుకు వచ్చినపుడు నిజాం అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళి ఆయనకు స్వాగతము పలికాడు. చేతులు జోడించి నిలిచిన నిజాం ఫొటో చరిత్రలో నిలిచిపోయింది. పసుపు కారులో ప్రజలకు దర్శనమిచ్చిన ప్రభువు, మరొకరి వాహనము కోసము ఎదురుచూసిన సందర్భము అది.

అదే సంవత్సరములో నిజాం సొంత భూములయిన సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వములో కలిసిపోయింది. ఆయనకు సాలుకు 50 లక్షల రూపాయల రాజభరణము నిర్ణయించారు. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుగా ఉన్నాడు.

రోడ్డు రవాణా శాఖ 1951లో రైల్వే నుండి విడిపడి రాష్ట్ర ప్రభుత్వము కిందికి వచ్చింది. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయినది. ఈ సంస్థ 1999లో ప్రపంచములో అత్యధిక బస్సులు కలిగిన సంస్థగా గిన్నిస్ పుస్తకములోకి ఎక్కింది.

చివరి సంవత్సరాలు

రాజప్రముఖ పదవి ముగిసిన తరువాత నిజాం కింగ్ కోఠీ దాటి ఎక్కువగా తిరగలేదు. ఆస్తిని పలు ధర్మనిధులుగా విభజించాడు. వాటిలో ఒకటైన నిజాం ధర్మనిధి 1960వ దశకములో పంజగుట్టలో ఎముకలు, కీళ్ళ వైద్యానికి ఒక ఆసుపత్రిని నెలకొల్పింది. తరువాత రాష్ట్ర ప్రభుత్వము దానిని స్వీకరించింది. 1989 నాటి శాసనముతో అది నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా, ప్రజల నోట నిమ్స్‌గా, మారింది. రోడ్డు ప్రమాదములో కాలు, చెయ్యి విరిగినవారిని పంజగుట్టకు తీసుకువెళ్ళడము నగరములో మామూలు మాట.

నిజాం 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో మరణించాడు. భవనానికి ఎదురుగా ఉన్న మస్జిద్-ఎ-జూదీలో తల్లి సమాధి సమీపములో ఖననము చేశారు. అంతిమయాత్రకు లక్షల మంది వచ్చారు.

గ్యారేజీలో మిగిలినవి

కుమారులను కాదని మనుమడు ముకర్రం జాను నిజాం వారసునిగా నిర్ణయించాడు. 1967లో బాధ్యతలు స్వీకరించిన ముకర్రం జా తాత వదలివెళ్ళిన వేల మంది నౌకర్లను, ఆశ్రితులను పోషించవలసి వచ్చింది. గ్యారేజీ పరిస్థితి మరీ విడ్డూరము. 60 కార్ల పెట్రోలుకు, విడిభాగాలకు సాలుకు 45,000 పౌండ్లు ఖర్చు వ్రాస్తున్నారు. వాటిలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే. నడవని 56 కార్లు తాగిన పెట్రోలు ఎవరి జేబులోకి పోయినదో ఊహించుకొనవచ్చు. పట్టాభిషేకమునాడు కొత్త నిజాము ఎక్కవలసిన కారు కూడా మొరాయించిందని చరిత్రకారులు వ్రాశారు. యంత్రాలంటే ప్రాణము పెట్టే ముకర్రం జా కొంతకాలానికి ఇవన్నీ వదిలి ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రము కొని, అక్కడ స్వయముగా బుల్‌డోజరు నడిపాడు. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించగా, హైదరాబాదు మక్కా మసీదులో సమాధి చేశారు.

చాలా కార్లు తుప్పుపట్టి, చేతులు మారి పోయాయి. మిగిలినవాటిలో సింహాసనపు కారును బాగుచేయించి చౌమహల్లా భవనములో ఉంచారు. ఈ భవనాన్ని 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. పురానీ హవేలీలోని నిజాం ప్రదర్శనశాల (2000) లో 1930 నాటి రోల్స్ రాయిస్, ఒక ప్యాకార్డ్, ఒక జాగ్వార్ మార్క్ ఫైవ్ ఉన్నాయి. జాగ్వార్ మార్క్ ఫైవ్ 1948 నుండి 1951 వరకు తయారయిన నమూనా; అంటే సంస్థానము పోతున్న రోజులలోనో, పోయిన తరువాతనో వచ్చిన కారు. 1937 నాటి రజతోత్సవములో నిజాముకు కానుకగా వచ్చిన నగర కట్టడాల వెండి నమూనాలు కూడా అక్కడే ఉన్నాయి. చిన్న పరిమాణములో నమూనాలు చేసే అభిరుచి కలవారు వీటిని తప్పక చూడవలెను. 2018 సెప్టెంబరులో ఈ ప్రదర్శనశాల నుండి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా దొంగిలింపబడి కొద్ది రోజులలోనే దొరికింది. దొంగలు వచ్చినదీ పారిపోయినదీ మోటారు సైకిలు మీద.

1932లో తెప్పించిన ఆల్బియాన్ బస్సులలో ఒకటి ముషీరాబాదులోని బస్ భవన్ ఆవరణలో ఉన్నది.